గిటార్ల హోరులో నాయిస్‌కు చోటు

ప్రశ్న: డెత్ మెటల్ రిఫ్‌ల (పదేపదే వచ్చే గిటార్ వరసల) మీద హార్ష్ నాయిస్ (రాగం లేని కరకు హోరు) కలుపుతున్నాను. తగ్గిస్తే వినపడదు, పెంచితే రిఫ్ మునిగిపోతోంది. ఏం చేయాలి?

జవాబు: ఇది వాల్యూమ్‌తో తేలేది కాదు. బాగా డిస్టార్షన్ పెట్టిన గిటార్ సుమారు 100 హెర్ట్జ్ నుంచి 5 కిలోహెర్ట్జ్ దాకా సందు లేకుండా నిండిపోతుంది. వైట్ నాయిస్‌కైతే వినిపించే శ్రేణి అంతా తనదే. ముందు గిటార్ గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) మూడో వంతు తగ్గించండి. ఒకే రిఫ్‌ను రెండుసార్లు వాయించి, ఒకటి పూర్తిగా కుడికి, ఇంకొకటి ఎడమకు పంపితే ఆ తేడా ఎవరికీ తెలియదు. నాయిస్‌ను మోనోలో నడుమ ఉంచి 300 హెర్ట్జ్ కింద కోసేయండి. 2–4 కిలోహెర్ట్జ్ మధ్య 4 నుంచి 6 డెసిబెల్స్ తగ్గించండి. పిక్ దెబ్బ, గొంతులో పదాల స్పష్టత అక్కడే ఉంటాయి. తర్వాత నాయిస్ ట్రాక్ మీది కంప్రెసర్‌ను స్నేర్ డ్రమ్‌తో సైడ్‌చెయిన్ చేయండి, అంటే స్నేర్ మోగినప్పుడల్లా నాయిస్ తగ్గేలా కలపండి: అటాక్ (తగ్గడానికి పట్టే సమయం) 1–2 మిల్లీసెకన్లు, రిలీజ్ (తిరిగి లేవడానికి పట్టే సమయం) 80 దగ్గర మొదలుపెట్టండి. రిలీజ్ 300 దాటితే బ్లాస్ట్ బీట్‌లో (అతివేగపు డ్రమ్ వాయింపులో) నాయిస్ మళ్లీ లేచే వ్యవధే దొరకదు.

ఇంత చేసినా నాయిస్ పాట పొడవునా నడిస్తే కాసేపటికి చెవి దాన్ని పట్టించుకోదు. రిఫ్ ఆగిన రెండు బార్లలో ఒక్కసారిగా తెరిచి, టక్కున మూయండి. మా దృష్టిలో సగం మిక్సింగ్ కష్టాలు నిజానికి కూర్పులో లోపాలే.

ప్రశ్న: డ్రమ్ మెషీన్‌లో 220 బీపీఎం (నిమిషానికి 220 బీట్లు) డబుల్ కిక్ (రెండు కాళ్లతో కొట్టే బాస్ డ్రమ్ వరస) ముద్దముద్దగా వస్తోంది.

జవాబు: ఆ వేగంలో పదహారో నోటుకు దక్కేది 68 మిల్లీసెకన్లే. కిక్ శాంపిల్ తోక 200 ఉంటే మూడు దెబ్బలు ఒకదానిపై ఒకటి పడతాయి. 60 దగ్గర కత్తిరించి, చివరి 5 మిల్లీసెకన్లు ఫేడ్ చేయండి, లేదంటే క్లిక్ వస్తుంది. లావుపాటి కిక్కే కావాలంటే వేగం తగ్గించాల్సిందే. 1989లో వచ్చిన గాడ్‌ఫ్లెష్ బ్యాండ్ ఆల్బమ్ ‘స్ట్రీట్‌క్లీనర్’ వినండి: యంత్రం యంత్రంలాగే కొడుతుంది, నిదానం కాబట్టి ప్రతి దెబ్బకూ బరువుంటుంది.

ప్రశ్న: ఇనుప రేకుకు పీజో బిళ్ల (కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే బిళ్ల) అంటించి లైన్ ఇన్‌పుట్‌లో పెడితే పీలగా వినిపిస్తోంది. బిళ్ల పాడైందా?

జవాబు: బిళ్ల బాగానే ఉండొచ్చు. 27 మిల్లీమీటర్ల బిళ్ల కెపాసిటెన్స్ దాదాపు 20 నానోఫారడ్‌లు. దాన్ని 10 కిలోఓమ్‌ల ఇంపీడెన్స్ (సిగ్నల్‌కు ఇన్‌పుట్ చూపే నిరోధం) ఉన్న లైన్ ఇన్‌పుట్‌లో పెడితే 800 హెర్ట్జ్ కింద బేస్ పడిపోతుంది. 1 మెగాఓమ్ ఉన్న గిటార్ ఇన్‌పుట్‌లో పెడితే ఆ హద్దు 8 హెర్ట్జ్‌కు దిగుతుంది. రేకును స్పీకర్‌కు దూరంగా ఉంచి, చివర లిమిటర్ (శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపేది) పెట్టాకే గెయిన్ పెంచండి. హెడ్‌ఫోన్‌లో ఫీడ్‌బ్యాక్ చెప్పి రాదు.