పొదల బీడు: కాపాడే దారేది, పరిహారమెంత?

ప్రశ్న: సిద్ధవటం దగ్గర, లంకమల అభయారణ్యం హద్దు బయట మాకు ఆరెకరాల పట్టా బీడు ఉంది. కలివికోడి అనే అరుదైన పక్షి కోసం పొదలు కొట్టకుండా అట్లే వదిలేయాలని ఉంది. రేపు కొన్నవాళ్లు కూడా దున్నకుండా దస్తావేజులో షరతు రాయించవచ్చా? ప్రభుత్వం ఏమైనా ఇస్తుందా?

జవాబు: రాయించినా నిలబడదు. కొన్నవాళ్ల అనుభవానికి అడ్డుపడే షరతును ఆస్తి బదిలీ చట్టం 11వ సెక్షన్ ఒప్పుకోదు. పక్కనే మీకు ఇంకో చేను ఉండి, షరతు దాని మేలు కోసమైతేనే చెల్లుతుంది.

మీకు పనికొచ్చేది వన్యప్రాణి సంరక్షణ చట్టం 36-సి సెక్షన్. యజమాని తనంతట తాను ముందుకొస్తే పట్టా భూమిని కూడా ప్రభుత్వం కమ్యూనిటీ రిజర్వుగా, అంటే వన్యప్రాణుల కోసం కాపాడే ప్రాంతంగా, ప్రకటించవచ్చు. అభయారణ్యం లోపలి భూమికి ఇది వర్తించదు. అందుకని మీ సర్వే నంబరు హద్దు బయటే ఉందని డీఎఫ్‌ఓ (జిల్లా అటవీ అధికారి) ఆఫీసులో ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. అర్జీకి 1-బి (యాజమాన్య రికార్డు), అడంగల్ (సాగు రికార్డు), ఈసీ (భూమి లావాదేవీల ధ్రువపత్రం), ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) నకలు జతచేయండి. తరచూ పని ఆగేది ఇక్కడే: పట్టా ఇంకా తాత పేరు మీదే ఉంటుంది, అన్నదమ్ముల భాగాలు కాగితం మీద తేలి ఉండవు. వారసులందరి సంతకాలూ తీసుకోండి.

2022 సవరణ ప్రకారం ఇలాంటి భూమికి రిజర్వు నిర్వహణ కమిటీలో యజమాని, అటవీ శాఖ ప్రతినిధి, పంచాయతీ ప్రతినిధి ఉంటారు. ప్రకటన వచ్చాక కమిటీ తీర్మానం, ప్రభుత్వ ఆమోదం లేకుండా భూమి వాడకం మార్చకూడదు. నిమ్మతోట పెట్టాలన్నా అంతే. భూమి మాత్రం మీదే. అయితే ఈ సెక్షన్‌లో పరిహారం మాటే లేదు. పంట వదులుకున్న రైతుకు ఏటా ఇంత అని ఇవ్వకపోవడం అన్యాయమే. ఇంట్లో అందరూ ఒప్పుకున్నాకే సంతకం పెట్టండి.

ప్రశ్న: కొత్త అభయారణ్యం నోటిఫికేషన్‌లో చేను పడితే అమ్ముకోవచ్చా? ఎంతొస్తుంది?

జవాబు: వన్యప్రాణి సంరక్షణ చట్టం 18వ సెక్షన్ నోటిఫికేషన్ తర్వాత కొన్నవాళ్లకు హక్కు రాదు. వారసత్వంగా వచ్చేవాళ్లకే వస్తుంది. 21వ సెక్షన్ కింద కలెక్టర్ ప్రకటన వెలువడిన రెండు నెలల్లోపు మీ హక్కు ఏమిటో, పరిహారం ఎంత కోరుతున్నారో రాసివ్వండి. కలెక్టర్ మీ భూమిని హద్దు నుంచి తప్పించవచ్చు, హక్కును కొనసాగనివ్వవచ్చు, లేదా సేకరించవచ్చు.

సేకరిస్తే 2013 భూసేకరణ చట్టం లెక్క. ఎకరా మార్కెట్ విలువ 4 లక్షలు, గ్రామీణ గుణకం, అంటే పల్లె భూమి విలువను హెచ్చించే అంకె, 1.25 అనుకుందాం (చట్టంలో ఇది 1 నుంచి 2 వరకు). అంటే 5 లక్షలు. బావి, చెట్లకు లక్ష కలిపితే 6. దానికి సమానంగా సొలేషియం (భూమి తప్పనిసరిగా వదులుకున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము) చేరి 12 లక్షలవుతుంది. మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం అదనం. దెబ్బ పడేది మార్కెట్ విలువ దగ్గరే. గత మూడేళ్ల చుట్టుపక్కల రిజిస్ట్రేషన్లలో ఎక్కువ ధర పలికిన సగం సగటును, స్టాంపు విలువను (రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వం కట్టిన ధరను) పోల్చి ఎక్కువున్నది తీసుకుంటారు. ఊళ్లో అందరూ ధర తగ్గించి రాయించుకుని ఉంటే ఆ నష్టం మీకే. ఎక్కువ ధరకు జరిగిన దస్తావేజుల నకళ్లు మీరే సేకరించి ఇవ్వండి.

డబ్బు తీసుకునేటప్పుడు ‘అభ్యంతరంతో తీసుకుంటున్నాను’ అని రాయండి. రాయకపోతే అదే భూసేకరణ చట్టం 64వ సెక్షన్ కింద పెంపు అడిగే హక్కు పోతుంది. అవార్డు (పరిహారం ఎంతో తేల్చే కలెక్టర్ నిర్ణయం) ప్రకటించినప్పుడు మీరు అక్కడే ఉంటే ఆ రోజు నుంచి ఆరు వారాలే గడువు.