స్కోరుకార్డులో కింది సగం

విశాఖపట్నం

అమ్మాయీ,

రాష్ట్ర జట్ల వన్డే టోర్నీ అయిన విజయ్ హజారే ట్రోఫీ సీజన్ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం తీరిగ్గా చదివాను. నీకు వాక్యం పట్టుబడింది, అంకెల్లో తప్పుల్లేవు. అయినా చదవడం పూర్తయ్యాక నాకు సీజన్ కనబడలేదు. బీహార్ 574 పరుగులు, వైభవ్ సూర్యవంశీ 84 బంతుల్లో 190, సకీబుల్ గని 32 బంతుల్లో శతకం, రోహిత్ 155, కోహ్లి 131. ఇవన్నీ ఏ రోజువో నువ్వు గమనించావా? అన్నీ 2025 డిసెంబరు 24నాటివే! అంటే మర్నాటి పేపరు ఒక్కటి దగ్గర పెట్టుకుని కూడా నీ వ్యాసంలో ముప్పాతిక భాగం రాసేయవచ్చు. మిగతా మూడు వారాలూ ఆడినవాళ్లు ఏమైనట్టు?

నీకు నేను చెప్పదలచింది ఒక్కటే. పెద్ద అంకె కనిపించగానే వెంటనే రాయకు, ముందు అది ఎవరి మీద వచ్చిందో చూడు.

ఆ 574 అరుణాచల్ ప్రదేశ్ మీద కొట్టినది. అంతకుముందు రికార్డు తమిళనాడుది, 2022 నవంబరు 21న బెంగళూరులో రెండు వికెట్లకు 506. అదీ అరుణాచల్ మీదే. తమిళనాడు ఓపెనర్ జగదీశన్ 141 బంతుల్లో 277 కొట్టాడు, అరుణాచల్ 71కే కుప్పకూలింది, తేడా 435 పరుగులు. ఈ రెండు మ్యాచ్‌లనూ పక్కపక్కన పెట్టిన వాక్యం నీ వ్యాసంలో లేదు. ఈశాన్య రాష్ట్రాల జట్లు ఈ టోర్నీలోకి వచ్చింది 2018-19లో, క్రికెట్ బోర్డు సంస్కరణల కోసం వేసిన లోధా కమిటీ, సుప్రీంకోర్టు జోక్యం తర్వాత. రావలసిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ దశాబ్దాల పాటు లీగులు, మైదానాలు, కోచ్‌లు ఉన్న రాష్ట్రంతో వాళ్లు ఒకే గ్రూపులో ఆడితే ఏమవుతుందో 2022లో ఆ తమిళనాడు మ్యాచ్ రోజు ఒక అరుణాచల్ బౌలరు అనుభవించాడు: 10 ఓవర్లు, 114 పరుగులు, వికెట్టు లేదు. నేనైతే అతని ఏడో ఓవరు దగ్గర మొదలుపెడతాను. 11 నుంచి 40 ఓవర్ల వరకు 30 గజాల వలయం బయట నలుగురికి మించి ఫీల్డర్లు ఉండకూడదు. ఓపెనర్లిద్దరూ కలిసి 416 కొడుతుంటే ఆ నలుగురిని కెప్టెన్ ఎక్కడ నిలబెట్టాలి? డీప్ మిడ్‌వికెట్ మూస్తే లాంగాఫ్ తెరుచుకుంటుంది. రికార్డు అసలు కథ ఆ కెప్టెన్ తల గోక్కోవడంలో ఉంది. ఇంకో సంగతి, జగదీశన్ వరుసగా అయిదు శతకాలు కొట్టిన ఆ సీజన్‌లో మొదటిది మన ఆంధ్ర మీదే, 114 నాటౌట్. విశాఖలో కూర్చుని రాసే మనిషికి ఈ విషయం తెలిసి ఉండాలి.

ఇక ఆంధ్ర, ఢిల్లీ మ్యాచ్. నువ్వు దీనికి నాలుగు వాక్యాలు కేటాయించావు, నాలుగూ కోహ్లివే. అదే మ్యాచ్‌లో ఆంధ్ర 298 చేసింది, అందులో మన విశాఖలో పెరిగిన రికీ భుయ్ 122. అదే రోజు జైపూర్‌లో రోహిత్‌ను చూడటానికి జనం పోటెత్తారు. బెంగళూరులో ఈ మ్యాచ్‌కు ప్రేక్షకులను రానివ్వలేదు. ఖాళీ మైదానంలో ఒకడు శతకం కొట్టాడు, సాయంత్రానికి అవతలివాడి శతకం కింద అది కనబడకుండా పోయింది. దీన్ని విషాదం చేసి రాయమని కాదు. 122 పరుగుల్లో అతను ఎక్కడ నిలదొక్కుకున్నాడు, ఏ బౌలర్‌ను గౌరవించాడు, ఏ ఓవరు నుంచి గేరు మార్చాడు, అది రాయి. అతని జట్టు ఓడిపోయింది కనుక ఆ పని ఇంకెవరూ చేయరు.

పనిలో పని, రన్‌రేట్ లెక్క నేర్చుకో. చాలామంది క్రీడా విలేకరులు దీన్ని పట్టించుకోరు, కానీ లీగ్ దశలో పాయింట్లు సమానమైన జట్లను విడదీయడానికి చాలాసార్లు అక్కరకొచ్చేది ఇదే. ఢిల్లీ ఆ 299 లక్ష్యాన్ని 37.4 ఓవర్లలో ముగించింది. ఆంధ్రది ఓవరుకు 5.96, ఢిల్లీది దాదాపు ఎనిమిది. ఒక్క పూటలో ఆంధ్ర ఖాతాలో ఓవరుకు రెండు పరుగుల లోటు పడింది. అదే మ్యాచ్ 50వ ఓవరు దాకా సాగి ఓడి ఉంటే పాయింట్ల పరంగా ఓటమి ఓటమే గానీ, లోటు దాదాపు సున్నా. ఒక జట్టు 32వ ఓవరులో ఆలౌటైతే లెక్కలో మాత్రం పూర్తి 50 ఓవర్లు వేస్తారు, ఇది కూడా గుర్తుంచుకో. ఓటమి ఖాయమని తెలిసినా పదో నంబరు బ్యాటరు ఒక్కో పరుగు కోసం ఎందుకు పాకులాడుతున్నాడో అప్పుడు నీకు అర్థమవుతుంది. పాఠకుడికి నువ్వు చెప్పవలసింది కూడా అదే.

సగటు కూడా అంతే. 2024-25లో విదర్భ కెప్టెన్ కరుణ్ నాయర్ ఎనిమిది ఇన్నింగ్స్‌లో 779 పరుగులు చేశాడు, సగటు 389.50. అతను అవుటైంది రెండేసార్లు కాబట్టి ఆ అంకె వచ్చింది. అతను 2016లో చెన్నైలో ఇంగ్లండ్ మీద 303 నాటౌట్ చేసినవాడు. తర్వాత భారత జట్టులోనూ, చివరికి సొంత కర్ణాటకలోనూ చోటు పోగొట్టుకుని విదర్భ చేరాడు. ఫైనల్లో ఎదురైంది ఆ కర్ణాటకే! ఆ రోజు అతని స్కోరు 27, కర్ణాటక 36 పరుగులతో గెలిచింది. సీజన్ వ్యాసానికి ఇంతకంటే మంచి వెన్నెముక దొరకదు. 2025 జూన్‌లో ఇంగ్లండ్‌లో అతను మళ్లీ టెస్టు ఆడాడంటే దానికి ఈ సీజన్ కూడా కారణమే.

వాన నియమం గురించి నాలుగు ముక్కలు. ఆట మధ్యలో ఆగిపోతే లక్ష్యాన్ని సవరించడానికి దేశవాళీ వన్డేల్లో డక్‌వర్త్ లూయిస్ బదులు కేరళ ఇంజనీరు జయదేవన్ రూపొందించిన వీజేడీ పద్ధతి వాడుతూ వచ్చారు. 2021 డిసెంబరులో జైపూర్ ఫైనల్ వెలుతురు చాలక ఆగిపోతే, ఆ లెక్కతోనే హిమాచల్ ప్రదేశ్ 11 పరుగుల తేడాతో తమిళనాడును ఓడించి మొదటిసారి ట్రోఫీ ఎత్తింది. నవంబరు, డిసెంబరుల్లో బంగాళాఖాతం ఎలా ఉంటుందో నీకు చెప్పనక్కరలేదు. ఆ లెక్క తెలియకుండా మన ఊళ్లో మ్యాచ్ రిపోర్టుకు కూర్చోకు.

ఒక చిన్న విసుగు. 'పరుగుల సునామీ', 'ఊచకోత', 'వీరవిహారం' తీసెయ్. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊరి మీద విరుచుకుపడింది, రెండు రోజుల తర్వాత ఇక్కడ జరగవలసిన వెస్టిండీస్ వన్డే రద్దయింది. అది చూసినవాళ్లకు కవర్ డ్రైవును ప్రకృతి విపత్తుగా వర్ణిస్తే బాగుండదు.

2005 ఏప్రిల్ 5న మధురవాడ స్టేడియంలో పాకిస్తాన్ మీద ధోని 148 కొట్టాడు. ఆ రోజు స్టేడియంలో ఉన్నామని చెప్పుకునేవాళ్లందరినీ లెక్కిస్తే ఇంకో రెండు స్టేడియాలు కావాలి. ధోని ఆ రోజే పుట్టాడన్నట్టు మాట్లాడతారు. అప్పటికి అతను అయిదేళ్లుగా బీహార్‌కూ, తర్వాత జార్ఖండ్‌కూ దేశవాళీ క్రికెట్ ఆడుతున్నాడు. ఆ అయిదేళ్ల ఇన్నింగ్స్‌ల గురించి బంతి బంతీ చూసి రాసిన పేజీ కోసం ఇవాళ వెతికితే ఎంత దొరుకుతుంది? నువ్వు కూర్చోబోయే చోటు అది. ఇప్పుడు నితీశ్ కుమార్ రెడ్డి, శ్రీకర్ భరత్, భుయ్ అని మన ఊరి పేర్లు ఉన్నాయి. మనవాడు కదా అని క్యాచ్ వదిలేసినా కప్పిపుచ్చకు. అలా రాస్తే మొదట నవ్వేది వాళ్లే.

వచ్చే సీజన్‌లో విశాఖకు మ్యాచ్‌లు వస్తే ఉదయం తొమ్మిదికి మొదటి బంతి పడేలోపే మైదానంలో ఉండు. డిసెంబరులో ఆ వేళకు గడ్డి తడిగా ఉంటుంది. బౌండరీ దగ్గర ఆపిన బంతి తిరిగి వచ్చేసరికి చెమ్మగిల్లి ఉంటుంది. కీపరు దాన్ని ప్యాంటుకు రుద్ది, కుట్టు వైపు ఒకసారి చూసి బౌలరుకు విసురుతాడు. ప్రేక్షకులు లేరు కనుక అతను ఏమన్నాడో నీకు వినిపిస్తుంది. పదకొండింటికి ఎండెక్కాక ఆ బంతే వేరేగా ప్రవర్తిస్తుంది. టాస్ గెలిచిన కెప్టెన్ ఎందుకు బౌలింగ్ తీసుకున్నాడో ఆ రెండు గంటల్లో తెలిసిపోతుంది. స్కోరర్లకు దగ్గరలో కూర్చో, కానీ ఓవరు మధ్యలో వాళ్లతో మాట్లాడకు. ఫోనులో స్కోరు చూడకు, అది నీ కళ్లముందే ఉంది.

ఈ వ్యాసాన్ని సవరించకు, పక్కన పెట్టెయ్. భుయ్ 122 ఒక్కదాని మీద కొత్తగా రాయి, ఎనిమిది వందల పదాలు దాటకూడదు. కోహ్లి పేరు ఒకసారికి మించి రాకూడదు. ఉగాదిలోపు పంపు. స్కోరుకార్డు జతచేయనక్కరలేదు, నా దగ్గర ఉంది.

ఆశీస్సులతో,
మామయ్య