ఆ వెలుగు ఎవరికి కనిపించింది?

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

తెల్లవారుజామున ధ్యానంలో ఒళ్లు తెలియలేదనీ, గదంతా వెలుగైందనీ, అది దైవానుభవమో మెదడు చేసిన చిత్రమో తేల్చి చెప్పమనీ రాశావు. తేల్చడం నా వల్ల కాదు. ముప్పై ఏళ్లుగా కూర్చుంటున్నవాణ్ని కనుక, అటువంటిది జరిగాక ఏం చేయాలో మాత్రం చెప్పగలను.

ముందుగా, ఆ వెలుగు మళ్లీ రావాలని కూర్చోకు. నేను అలాగే రెండేళ్లు పోగొట్టుకున్నాను. వచ్చిన రోజు గర్వం, రాని రోజు దిగులు తప్ప మిగిలిందేమీ లేదు.

1896లో మదురైలో పదహారేళ్ల వేంకటరామన్‌కు, అంటే తరువాతి రమణ మహర్షికి, ఉన్నట్టుండి మృత్యుభయం పట్టుకున్నప్పుడు, ఆయన వైద్యుడి కోసం పరుగెత్తకుండా శవంలా బిగుసుకుని పడుకుని, ఈ దేహం పోతే నేనూ పోయినట్టేనా అని లోపలే వెతికారు. భయం ఎందుకు వచ్చిందని కాక, ఎవరికి వచ్చిందని చూశారు. బొబ్బిలి దగ్గరి కలవరాయిలో పుట్టిన కావ్యకంఠ గణపతిముని ఏళ్లతరబడి మంత్రజపం చేసి కూడా, తపస్సంటే ఏమిటో అంతుబట్టక 1907లో అరుణాచలంలో ఆయనను ఆశ్రయిస్తే, 'నేను' అన్నది ఎక్కడ పుడుతోందో, మంత్రధ్వని ఎక్కడినుంచి లేస్తోందో గమనించమన్నారు. వెలుగుల ఊసే లేదు.

మెదడు పని అని తేలితే అనుభవం అబద్ధమవుతుందని బెంగపడకు. జామపండు రుచి తెలిసేదీ మెదడు వల్లనే, అంతమాత్రాన జామపండు లేదనం. అలాగని నీకు కనిపించినది దేవుడికి రుజువూ కాదు. కొన్ని రకాల మూర్ఛవ్యాధిలోనూ దివ్యానందం వంటిది కలుగుతుంది కనుక, స్పృహ తప్పినా, మాట తడబడినా ముందు న్యూరాలజిస్టును కలువు. నాడీకణాల్లోని విద్యుత్తు మనకు రుచిగా, నొప్పిగా ఎందుకు తెలుస్తుందన్న ప్రశ్నను డేవిడ్ చామర్స్ అనే తత్త్వవేత్త 1995లో కఠిన సమస్య అన్నాడు. అది ఇంకా తెగలేదు.

ఇక సాధన. నిద్ర లేవగానే, ఇవాళ ఏ వారమో గుర్తుకు రాకముందు, ఉన్నానన్న ఎరుక ఒక్కటే ఉండి, మరుక్షణం పేరు, ఆఫీసు, బాకీలు వచ్చి దానికి తగులుకుంటాయి. రోజూ ఆ సందును కనిపెట్టి చూడు. జాగ్రత్, స్వప్న, సుషుప్తులను, అంటే మెలకువ, కల, గాఢనిద్రలను విడదీసి చెప్పే మాండూక్యోపనిషత్తు పన్నెండు మంత్రాలే అయినా, నెల రోజులు ఇలా చూశాకే చదువు. లేకపోతే చదివినదే కనిపించడం మొదలవుతుంది.

చూసినది అలంకారాలు లేకుండా నోటుపుస్తకంలో రాసిపెట్టుకుని, సంక్రాంతికి వచ్చేటప్పుడు తెచ్చుకో. అత్తయ్య నిన్ను అడిగానని చెప్పమంది.

ఇట్లు,
మామయ్య