కాన్పు తర్వాత పొట్ట మధ్యలో గట్టులా లేస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న: సిజేరియన్ అయి నాలుగు నెలలైంది. బరువు దాదాపు మునుపటికి వచ్చింది గానీ పొట్ట మాత్రం ఐదో నెల కడుపులా కనిపిస్తోంది. వీడియోలు చూసి రోజూ 30 సిట్‌అప్‌లు చేస్తున్నాను. తల ఎత్తగానే బొడ్డు పైన నిలువుగా గట్టులా ఉబుకుతోంది. నొప్పి లేదు. ఆపరేషన్‌లో కండరాలు కోసేయడం వల్లేనా? అత్తయ్యగారేమో నడుముకు చీర బిగించి కట్టుకోమంటున్నారు. – ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ముందు ఆ సిట్‌అప్‌లు ఆపేయండి. మీ సమస్య ఏమిటో ఆ గట్టే చెబుతోంది.

పొట్ట ముందు భాగంలో రెండు కండరాలు రొమ్ము ఎముక దగ్గర్నుంచి పొత్తికడుపు కింది ఎముక దాకా నిలువుగా, పక్కపక్కన ఉంటాయి. వాటిని కలిపి ఉంచేది మధ్యలోని గట్టి పట్టీ, లీనియా ఆల్బా. గర్భం పెరిగేకొద్దీ ఆ పట్టీ సాగి పల్చబడుతుంది, కండరాల మధ్య ఎడం వస్తుంది. దీన్నే డయాస్టాసిస్ రెక్టై అంటారు. తొమ్మిదో నెలకు దాదాపు అందరిలోనూ ఎంతో కొంత ఉంటుంది. కాన్పయ్యాక మొదటి ఎనిమిది వారాల్లో ఎడం చాలావరకు దానంతటదే తగ్గుతుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. ఆపరేషన్‌ను తప్పుపట్టాల్సిన పని లేదు. మామూలుగా చేసే సిజేరియన్‌లో ఈ కండరాలను కోయరు, పక్కకు జరుపుతారు. మామూలు కాన్పయిన వాళ్లకూ ఈ ఎడం వస్తుంది.

ఎంత ఉందో ఇంట్లోనే చూసుకోవచ్చు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. వేళ్ల కొనలు పాదాల వైపు ఉండేలా, వేళ్లు పక్కపక్కన చేర్చి బొడ్డుకు కాస్త పైన పెట్టండి. తల కొద్దిగా, భుజాలు లేవకుండా, ఎత్తండి. రెండు వైపులా కండరం అంచులు వేళ్లకు తగులుతాయి. మధ్యలో ఎన్ని వేళ్లు పట్టాయో లెక్కపెట్టండి. బొడ్డు దగ్గర, దాని కింద కూడా అలాగే చూడండి. రెండు వేళ్లకు మించి పడితే ఎడం ఉన్నట్టే. అయితే వెడల్పు ఒక్కటే చూసి కంగారు పడకండి. రెండున్నర వేళ్లు పట్టినా అడుగు బిగువుగా తగిలితే ఫరవాలేదు. పూరీ పిండిలో దిగినట్టు వేళ్లు లోపలికి దిగిపోతే మాత్రం పట్టీకి ఇంకా బిగువు రాలేదన్నమాట.

పాల ప్యాకెట్‌ను రెండు చివర్లా నొక్కితే పల్చగా ఉన్నచోటే ఉబుకుతుంది. ఊపిరి బిగబట్టి సిట్‌అప్ చేసినప్పుడు మీ పొట్టలో జరిగేదీ అదే. అందుకే మొదలు ఊపిరితోనే.

వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, తుంటి ఎముకలకు కాస్త లోపలగా వేళ్లు ఆనించండి. ముక్కుతో గాలి పీల్చండి, పక్కటెముకలు విచ్చుకోవాలి. నోటితో నెమ్మదిగా వదులుతూ, మూత్రం ఆపుకున్నట్టు కింది కండరాలను పైకి లాగి, పొత్తికడుపును లోపలికి తీసుకోండి. వేళ్ల కింద సన్నని బిగువు తెలుస్తుంది. ఐదు సెకన్లు ఉంచండి, ఊపిరి ఆపొద్దు. పదిసార్లు, రోజుకు మూడుపూటలా. ఎక్కువమంది ఇక్కడే పొరపడతారు: బొడ్డు పైభాగాన్ని పీల్చి, పక్కటెముకలు పైకి లేపి, అదే వ్యాయామం అనుకుంటారు. అలా చేస్తే లోపలి కండరం పని చేయదు.

ఇది కుదిరాక మడమ జారుడు. కాలికి సాక్స్ వేసుకుంటే నేల మీద సాఫీగా జారుతుంది. గాలి వదులుతూ పొత్తికడుపు బిగించి, ఒక మడమను ముందుకు జార్చి వెనక్కి తీసుకురండి. ఒక్కో కాలికి పది. నడుము నేలనుంచి పైకి లేచిపోతుంటే కాలు అంత దూరం జార్చొద్దు. ఆ తర్వాత మోకాలు ఒక పక్కకు వాల్చి తేవడం, పిరుదులు పైకెత్తే బ్రిడ్జి. ఒక్కో మెట్టు మీద రెండు వారాలైనా ఉండండి. ఎక్కడైనా గట్టు కనిపిస్తే కింది మెట్టుకు దిగండి.

చివర్లో తల ఎత్తడం. చున్నీ ఒకటి నడుము చుట్టూ తిప్పి, కొసలు పొట్ట మీద అడ్డంగా మార్చి పట్టుకుని, కండరాలను మధ్యకు దగ్గర చేయండి. ముందు గాలి వదలండి, ఆ తర్వాతే తల ఎత్తండి. భుజాలు లేవనక్కర్లేదు.

పది నిమిషాల వ్యాయామం కన్నా రాత్రి పాలివ్వడానికి నాలుగైదుసార్లు మంచం మీంచి ఎలా లేస్తున్నారన్నది ముఖ్యం. నిట్టనిలువునా లేస్తే ప్రతిసారీ ఒక సిట్‌అప్ చేసినట్టే. పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి దించి, చేత్తో నొక్కి లేవండి. బిడ్డను ఎత్తేటప్పుడూ, బకెట్ లేపేటప్పుడూ గాలి వదులుతూ లేపండి. మలబద్ధకం ఉంటే ముక్కడం వల్ల చేసిన పనంతా వృథా అవుతుంది. నీళ్లు, పీచు ఉన్న తిండి తగ్గనీయకండి.

అత్తయ్యగారి మాటను కొట్టిపారేయక్కర్లేదు. మొదటి వారాల్లో గుడ్డ కట్టుకుంటే నడవడం, దగ్గడం తేలికవుతుంది. కానీ కండరం చేసే పని గుడ్డ చేయదు. మరీ బిగిస్తే ఒత్తిడి కిందికి దిగి, నవ్వినా తుమ్మినా మూత్రం జారే ఇబ్బంది పెరగవచ్చు. రెండు వేళ్లు దూరేంత వదులుగా, పనుల వేళ మాత్రం కట్టుకోండి. నాలుగు నెలలకు రోజంతా అవసరం లేదు.

బొడ్డు దగ్గర ఉబ్బు గట్టిపడి, నొప్పితో లోపలికి పోకుండా ఉన్నా, దానికి వాంతులు తోడైనా అది హెర్నియా ఇరుక్కోవడం కావచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మూత్రం జారుతున్నా, కింద బరువుగా అనిపిస్తున్నా, రెండు మూడు నెలలు చేసినా మార్పు లేకపోయినా డాక్టర్‌కు, ఫిజియోథెరపిస్ట్‌కు చూపించుకోండి.

ప్రశ్న: సూర్య నమస్కారాలు, నౌకాసనం ఎప్పుడు మొదలుపెట్టవచ్చు?

జవాబు: నౌకాసనం అన్నిటికన్నా చివర. సూర్య నమస్కారాల్లో ఒళ్లంతా అరచేతులు, కాలివేళ్ల మీద నిలిచే భంగిమలో పొట్ట బరువంతా పల్చటి పట్టీ మీద వేలాడుతుంది. ఆ భంగిమ ముందు గోడకు చేతులానించి, తర్వాత మోకాళ్లు నేలకు ఆనించి చేయండి. గట్టు లేవకపోతేనే పూర్తిగా చేయండి. కపాలభాతి కూడా అప్పటిదాకా వద్దు.

ప్రశ్న: మామూలు కాన్పయి పది రోజులు. ఇప్పుడే మొదలుపెట్టనా?

జవాబు: ఊపిరి వ్యాయామం, చిన్న నడక మొదలుపెట్టవచ్చు. మిగతావన్నీ ఆరు వారాల చెకప్ అయ్యాకే. రక్తస్రావం ఎక్కువైతే ఆపి, డాక్టర్‌కు చెప్పండి.