అమ్మా నువ్వు రేసిస్ట్‌వి అంది మా పాప, నిజంగా అంతేనా మేడం?

ప్రశ్న: మేడం, మాది గుంటూరు దగ్గర పల్లెటూరు, పదిహేడేళ్ళుగా అట్లాంటా పక్కన ఉంటున్నాం, ఇద్దరం ఉద్యోగాలే, పాపకి 15. పోయిన నెల సరుకులకని వెళ్ళి పార్కింగ్‌లో కార్లో కూర్చుని లిస్టు చూసుకుంటున్నా, ఒక నల్లతను హుడీ వేసుకుని మా వైపు నడిచొస్తున్నాడు, నాకు తెలీకుండానే చెయ్యి లాక్ బటన్ మీదకెళ్ళింది, టక్‌మని సౌండ్. అతను మా పక్కన ఎవరో వదిలేసిన కార్ట్ తీసుకెళ్ళి స్టాండ్‌లో పెట్టి పోయాడు, అంతే. కానీ అతను విన్నాడు మేడం, ఒక్క క్షణం మావైపు చూశాడు. పాప "అమ్మా నువ్వు రేసిస్ట్‌వి" అంది. అప్పట్నుంచి నాతో ముభావంగా ఉంది. మావారేమో "అందరికీ ఉంటుందిలే, వాళ్ళకి మనమీద లేదా, వదిలెయ్" అంటారు. రెండేళ్ళ కింద బిల్లింగ్ లైన్లో ఒక తెల్లావిడ నన్ను మీ దేశం పో అంది, ఆ రాత్రి నిద్రపోలేదు నేను, ఏడుస్తూనే ఉన్నా. అలాంటిదాన్ని నేనెలా చేశాను ఇది? నిజంగా అందరికీ ఉంటుందా? నేను చెడ్డదాన్నా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, రెండుసార్లూ ఒక్క మాట దగ్గరే ఆగాను, "అతను విన్నాడు". ఇలాంటివి రాసేవాళ్ళు సాధారణంగా తమ గురించి రాసుకుంటారు, నాకు గిల్టీగా ఉంది, నా కూతురు ఇలా అంది, నా మొగుడు అలా అన్నాడు అని. అవతలి మనిషి చెవిలో ఏం పడిందో మీరు గమనించారు, అందుకే మీతో కొంచెం గట్టిగానే మాట్లాడొచ్చనిపించింది.

ఆ టక్ శబ్దం గురించి ఒబామా ఒకసారి చెప్పాడు. 2012లో ఫ్లోరిడాలో ట్రేవాన్ మార్టిన్ అని 17 ఏళ్ళ కుర్రాడు హుడీ వేసుకుని షాపు నుంచి నడిచొస్తుంటే అనుమానంతో వెంటపడి కాల్చేశాడు ఒకడు, మరుసటేడు జులైలో కోర్టు వాణ్ణి నిర్దోషి అని వదిలేసింది, ఆ వారంలోనే ఒబామా విలేకర్ల ముందుకొచ్చి మాట్లాడాడు. రోడ్డు దాటుతుంటే కార్ల లాకులు పడే చప్పుడు వినని నల్లజాతి మగవాళ్ళు చాలా తక్కువమంది, నాకూ జరిగింది, కనీసం సెనేటర్ని అయ్యేదాకా, అన్నాడు. ప్రెసిడెంట్ కుర్చీలో కూర్చున్న మనిషికి కూడా ఆ చప్పుడు గుర్తుంది చూడండి. మీకది ఒక్కసారి మోగిన టక్కు, ఆయనకి చిన్నప్పట్నుంచీ మోగుతున్నదే అయ్యుంటుంది.

ఇక అందరికీ ఉంటుందా అంటే, దాదాపు అందరికీ ఉంటుంది, అంతవరకు మీవారు కరెక్టే. జెస్సీ జాక్సన్ పేరు వినే ఉంటారు, మార్టిన్ లూథర్ కింగ్ వెంట నడిచిన నల్లజాతి నాయకుడు. ఆయన 1993లో బయటపెట్టిన మాట ఇది, రోడ్డు మీద నడుస్తుంటే వెనక అడుగుల చప్పుడు వినిపించి దోచుకుంటారేమో అని భయమేసి తిరిగి చూస్తే తెల్లవాడు కనిపించి హమ్మయ్య అనుకున్నాను, ఈ వయసులో నాకు ఇంతకంటే బాధ ఇంకోటి లేదు అని. ఆయన రంగే, ఆయన జనమే, అయినా భయం వాళ్ళమీదే. మన సికింద్రాబాద్‌లో పుట్టి నిజాం కాలేజీలో, ఉస్మానియాలో చదివి హార్వర్డ్ ప్రొఫెసర్ అయిన మహ్జరిన్ బనాజీ గారు కూడా అంతే, మనసులో తెలీకుండా ఉండే మొగ్గుని కొలవడానికి 1998లో ఇంకొందరితో కలిసి ఆన్‌లైన్లో పరీక్ష పెట్టారు, మొహాలు మాటలు వెంటవెంటనే వస్తుంటే టకటకా బటన్లు నొక్కాలి. తీరా ఆమె తీసుకుంటే ఆమెకీ తెల్ల మొహాలవైపే మొగ్గు వచ్చింది, ఆ మాట ఆవిడే దాచకుండా చెప్పుకుంటారు. (మీరు కూర్చుని అది చేసి వచ్చిన రిజల్ట్ పట్టుకుని కుమిలిపోకండి మళ్ళీ, అది షుగర్ టెస్ట్ లాంటిది కాదు, ఒకే మనిషికి ఇవాళ ఒకటి వచ్చి రేపింకోటి రావచ్చు, దాన్నిబట్టి మనిషి ఏం చేస్తాడో చెప్పొచ్చా అని సైకాలజీ వాళ్ళలోనే పెద్ద గొడవ.)

పుట్టుకతో వస్తుందా అంటే కాదు. అప్పుడే పుట్టిన పిల్లలు ఏ రంగు మొహాన్నయినా ఒకేలా చూస్తారు, మూడు నెలలొచ్చేసరికి చుట్టూ కనిపించే రకం మొహాలవైపే ఎక్కువసేపు చూడ్డం మొదలెడతారు. ఇజ్రాయెల్‌లో ఇథియోపియా నుంచొచ్చిన కుటుంబాల పిల్లల్ని, అంటే రెండు రకాల మొహాలూ చూస్తూ పెరిగేవాళ్ళని పరీక్షిస్తే వాళ్ళలో ఆ తేడా లేదు. అంటే కంటికి ఏది అలవాటయితే అది. ఇంతవరకూ భయమేం లేదు, భయం తర్వాత ఎవరో ఒకరు నేర్పాలి.

మరి మీకెవరు నేర్పారు? అమెరికా అనుకుంటున్నారేమో, సగం గుంటూరులోనే నేర్చుకుని వెళ్ళారు. "పిల్ల నల్లగా ఉన్నా కళగల మొహం" అంటారు కదా మన పెళ్ళిచూపుల్లో, ఆ "ఉన్నా" ఉంది చూశారూ, మొత్తం అందులోనే ఉంది. కడుపుతో ఉన్నప్పుడు బిడ్డ తెల్లగా పుట్టాలని కుంకుమపువ్వు పాలు, పుట్టాక సున్నిపిండి, 1975 నుంచీ ఇంటింటా ఫెయిర్ అండ్ లవ్లీ, దానికి పేరు మార్చింది మొన్న 2020లోనే. ఎదుటి మనిషిని చూడగానే "మీరేవిట్లు?" అని మనసులో లెక్క వేసుకోవడం మనకి అన్నప్రాసన నాడే అబ్బుతుంది. ఆ తర్వాత అమెరికాలో దిగిన మొదటి వారంలో ఎవరో సీనియర్ అన్నయ్య భోజనానికి పిలిచి పప్పు వడ్డిస్తూ "ఆ ఏరియాలో మాత్రం అపార్ట్‌మెంట్ తీసుకోకండి, అక్కడంతా నల్లోళ్ళు" అని చెప్పుంటాడు, మీరు కూడా తర్వాతొచ్చినవాళ్ళకి చెప్పే ఉంటారు. ఇన్నేళ్ళ ట్రైనింగ్ తీసుకున్న చెయ్యి మీ పర్మిషన్ అడుగుతుందా, అదే వెళ్తుంది.

నా సంగతి చెప్తాను. పదేళ్ళు దాటింది, హైదరాబాద్‌లో అప్పుడు మేమున్న అపార్ట్‌మెంట్లో మూడో అంతస్తు ఫ్లాట్ కోసం ఒక సూడాన్ స్టూడెంట్ వచ్చాడు, ఓనర్‌కి అభ్యంతరం లేదు, అసోసియేషన్ మీటింగ్‌లో మాత్రం రచ్చ, ఆడపిల్లలున్న బిల్డింగ్ అని ఒకరు, రాత్రిళ్ళు పార్టీలు చేస్తారని ఇంకొకరు. ఆ అబ్బాయితో ఒక్కమాట మాట్లాడినవాళ్ళు లేరు అక్కడ. నేను అతన్ని ముందురోజు చూశాను, సెక్రటరీ ఇంటి గుమ్మం బయట బూట్లు విప్పి, రెండూ పక్కపక్కన సర్దిపెట్టి లోపలికెళ్ళాడు, మన పద్ధతి నేర్చుకుని వచ్చాడు పాపం. అదొక్కటి చెప్పినా సరిపోయేదేమో, చెప్పలేదు, కౌన్సెలింగ్ చేసి బతికే నేను బిస్కెట్ టీలో ముంచుకుని తింటూ కూర్చున్నా. ఇవ్వకూడదని తీర్మానం అయిపోయింది. (మాసబ్ ట్యాంక్ పక్కనే ఏసీ గార్డ్స్ ఉంది, ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ, నిజాం గుర్రపు దళంలో పనిచేసిన ఆఫ్రికా వాళ్ళ పేరే ఆ పేటకి, అలాంటి ఊళ్ళో జరిగిన మీటింగ్ అది.) మీ చెయ్యి అరక్షణం తప్పు చేసింది, నేను గంటసేపు తెలిసి తెలిసి చేశాను, అతనికి ఇల్లు పోయింది. ఏది పెద్దదో మీరే చెప్పండి. అందుకే మీరు చెడ్డవారా అన్న ప్రశ్న నన్నడక్కండి, చెయ్యి వెళ్ళిన తర్వాత మీరేం చేస్తారన్నదే నాకు ముఖ్యం.

మీవారి దగ్గర నేను ఒప్పుకోనిది ఆ "వదిలెయ్". 2017లో కాన్సాస్‌లో ఒకడు మన తెలుగు కుర్రాళ్ళని చూసి ఇరాన్ వాళ్ళనుకుని, మా దేశం నుంచి పొండి అని అరిచి కాల్చాడు, ఒకరు చనిపోయారు. ఆ వారం మీ ఇంట్లో ఫోన్లు మోగిపోయుంటాయి, అప్పుడెవరైనా "అందరికీ ఉంటుందిలే" అంటే మీవారు ఊరుకునేవారా? ఇంకోటి, అసలు మనవాళ్ళకి అక్కడ తలుపు తెరిచింది 1965 ఇమిగ్రేషన్ చట్టం, అది వచ్చిందే నల్లజాతివాళ్ళు దెబ్బలు తిని జైళ్ళకెళ్ళి దేశాన్ని కదిలించిన రోజుల్లో. ఇండియా నుంచి అత్తామామలొస్తే మీ అట్లాంటాలోనే ఉన్న మార్టిన్ లూథర్ కింగ్ సమాధి చూపించి, అక్కడున్న గాంధీ విగ్రహం పక్కన నిలబెట్టి ఫోటోలు తీసే ఉంటారు మీరు, ఆ ఫోటో ఫ్రిజ్ మీద ఉంటే ఒకసారి మీవారికి చూపించండి చాలు.

దెబ్బ తిన్నదాన్ని నేనెలా చేశాను అంటారు. అత్తగారి చేతిలో నానా తిప్పలు పడ్డ కోడలు తను అత్తయ్యాక ఎలా ఉంటుందో మనం చూళ్ళేదా అమ్మా. బాధ దానంతటది ఏం నేర్పదు.

ఇప్పుడు పాప సంగతి. ఇంట్లో ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడకండి, కోర్టులా ఉంటుంది, కార్లోనే మాట్లాడండి, మీ కళ్ళు రోడ్డు మీదుంటాయి కాబట్టి ఇద్దరికీ సులువు. "ఆరోజు నువ్వన్నది నిజమే, అతను నాకేం చెయ్యలేదు, రంగు చూసి లాక్ వేశాను, అతను విన్నాడని నాకూ తెలుసు, అప్పట్నుంచి నాకు బాగాలేదు" అనండి, అని ఆగిపోండి. "కానీ" అనే మాట ఒక్కటీ రాకూడదు. మీకోసమే ఇంతదూరం వచ్చి కష్టపడుతున్నాం అన్న పాట అసలొద్దు. నీకు మాత్రం లేదా అని తిరిగి గుచ్చొద్దు, ఉండే ఉంటుంది, అది తనే తెలుసుకుంటుంది. రెండేళ్ళ కింద మీరేడ్చిన రాత్రి గురించి తనకి చెప్పారా? చెప్పలేదనే నా అనుమానం, మన ఆడవాళ్ళం పిల్లల ముందు అలాంటివి మింగేస్తాం. చెప్పండి, కాకపోతే అదే రోజు వద్దు, ఇంకో వారం ఆగి చెప్పండి, లేకపోతే అది సాకులా వినిపిస్తుంది.

చెయ్యి సంగతికి చిన్న కిటుకు ఉంది. కారెక్కి డోర్ వెయ్యగానే లాక్ వేసేయండి, ప్రతిసారీ, చుట్టుపక్కల పురుగు లేకపోయినా సరే. సెక్యూరిటీకి సెక్యూరిటీ, పైగా ఎవరో నడిచొస్తున్నప్పుడు మళ్ళీ నొక్కడానికి ఏమీ మిగలదు, ఆ శబ్దం ఎవరి మొహాన పడదు. మనసు మారడానికి ఏళ్ళు పడుతుంది, ఇది రేపట్నుంచే కుదురుతుంది. ఇంకోటి, సగానికి దగ్గరగా నల్లజాతివాళ్ళున్న ఊరి పక్కన పదిహేడేళ్ళున్నారు కదా, మీ ఫోన్లో పని అవసరం లేకుండా ఊరికే ఫోన్ చేసి మాట్లాడే నల్లజాతి మనిషి నంబర్ ఎన్ని ఉన్నాయో చూడండి. సున్నా అయితే కంగారుపడి రేపే ఎవరినో పట్టుకుని ఫ్రెండ్‌షిప్ చేసెయ్యకండి, వాళ్ళేం మన మందు కాదు. ఆఫీసులో ఇన్నేళ్ళుగా హాయ్ దగ్గరే ఆగిపోయినవాళ్ళు ఎవరో ఒకరుంటారు, ఒకరోజు లంచ్ బాక్స్ పట్టుకుని వాళ్ళ టేబుల్ దగ్గర కూర్చోండి.

పాప మాత్రం మీరు చెప్పగానే కరిగిపోయి మెడకి చుట్టుకోదు, ఆ వయసులో అంతే, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కిటికీలోంచి బయటకి చూస్తూ కూర్చుంటుంది. వినట్లేదనుకుని మళ్ళీ మొదట్నుంచి చెప్పకండి, అందులో పాటేమీ మోగుతుండదు.