ఫోన్ లాక్కుని, స్నేహితులను మాన్పిస్తే తమ్ముడు గేమ్ వదిలేస్తాడా?

ఇంటర్ చదువుతున్న మీ తమ్ముడు రాత్రిళ్ళు గేమ్ వదలడం లేదని, ఫోన్ లాక్కుని స్నేహితులతో తిరగడం మాన్పిస్తే దారికి వస్తాడా అని అడిగారు. ఆ రెండింటి వల్లా కీడే ఎక్కువని నా అనుభవం.

మాది రాజోలు ప్రాంతం. మా అక్క ఇంటిపనికి కువైట్ వెళ్ళింది, బావగారు రాత్రిపూట రొయ్యల చెరువు కాపలాకు వెళతారు, మేనల్లుడు అమ్మమ్మ దగ్గర ఉంటాడు. మా వైపు ఇలాంటి ఇళ్ళు చాలానే ఉన్నాయి. కువైట్ సమయం మనకంటే రెండున్నర గంటలు వెనక కనుక, అక్క పని ముగించుకుని ఫోన్ చేసేసరికి ఇక్కడ అర్ధరాత్రి అవుతుంది. ఆ ఫోన్ కోసం మేలుకుని ఉండే పిల్లవాడు ఆ ఎదురుచూపులోనే బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) అనే ఫోన్ ఆటకు అలవాటు పడ్డాడు. అమ్మమ్మ ఫోన్‌ను బీరువాలో పెట్టి తాళం వేసినప్పుడు వాడు అన్నం మానేస్తే, ఆట కోసమేనని అందరూ అనుకున్నారు గానీ, దానితోపాటు తల్లి మాట కూడా వాడికి అందకుండా పోయింది.

స్నేహితుల సంగతి ఇంకా చిక్కైనది. ఆ ఆటలో సాధారణంగా నలుగురు జట్టుగా దిగుతారు, ఒక్కో మ్యాచ్ దాదాపు అరగంట సాగుతుంది, మధ్యలో ఒకడు లేచిపోతే మిగతా ముగ్గురూ నష్టపోతారు. కాబట్టి భోజనానికి పిలిస్తే కసురుకోవడంలో పెద్దలంటే లెక్కలేనితనం కన్నా జట్టు ముందు మాట పోతుందన్న బెంగే ఎక్కువ. మ్యాచ్ మొదలయ్యే ముందే వేళ మాట్లాడుకోండి. వాడు ఆడేది ఊళ్ళో ఎదురుపడే పిల్లలతోనా, ముఖం తెలియని వారితోనా అన్నది కనుక్కోండి. ఊరి పిల్లలైతే ఆ స్నేహమే మీకు ఆసరా. మా వాడి జట్టులో వాలీబాల్ ఆడేవాళ్ళు ఉన్నారు. సాయంత్రాలు వాళ్ళతో కలిసి మైదానానికి వెళ్ళడం మొదలయ్యాక రాత్రి ఆట తగ్గింది. బావగారు చెరువుకు బయలుదేరే ముందు కొడుకుతో కలిసి భోంచేస్తున్నారు. అక్క సెలవు రోజున పగలే మాట్లాడుతోంది.

గంటలు లెక్కబెట్టి జబ్బని నిర్ణయించకండి. 2022 నుంచి అమలులో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ ప్రకారం, జబ్బు అనాలంటే ఆట మీద అదుపు తప్పడం, చదువు, నిద్ర వంటి వాటన్నిటికంటే ఆటే ముఖ్యం కావడం, నష్టం కనిపిస్తున్నా కొనసాగించడం అనే లక్షణాలు సాధారణంగా 12 నెలలపాటు ఉండాలి. తీవ్రంగా ఉంటే అంతకాలం ఆగనక్కరలేదు. అలా అనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రమైన టెలీ మానస్ నంబరు 14416కు ముందు మీరే ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, ఖర్చు ఉండదు.