షేర్ ఆటోలో హార్మోన్లు

చిరంజీవి మాధవికి,

నీ సొరచేప వ్యాసంలో "సొరచేప రక్తంలో సెక్స్ హార్మోన్లు స్వేచ్ఛగా ఈదుతుంటాయి" అని రాశావు. ఆ 'స్వేచ్ఛగా' దగ్గరే చిరాకేసింది. వాటిలో చాలా భాగం రక్తంలోని ప్రోటీన్లను పట్టుకునే తిరుగుతుంది. సొర ఈనే ఘట్టం బాగుంది, దాన్ని కదపకు.

"నీళ్లలో కరగవు గనక ప్రోటీన్లు మోస్తాయి" అనే అరిగిపోయిన వాక్యమూ వద్దు. రక్తంలో టెస్టోస్టెరాన్ ఉండేది మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో. ఆ కాస్తా నీళ్లలోనూ కరుగుతుంది. ప్రోటీన్‌ను పట్టుకుని ఉంటే కాలేయం దాన్ని త్వరగా ఏరిపారేయలేదు. అసలు లాభం అది.

మనిషి లెక్కను సొరకు అంటగట్టావు. మగవాళ్లలో టెస్టోస్టెరాన్‌ను రెండు రక్త ప్రోటీన్లు పట్టుకుంటాయి: ఒక గ్లోబ్యులిన్ గట్టిగా, ఆల్బుమిన్ వదులుగా. విడిగా మిగిలేది సుమారు 2 శాతం. సొరల్లో, టేకు చేపల్లో ఆ ఆల్బుమిన్ కనబడదు. మనలో ఆల్బుమిన్ చేసే కొవ్వు ఆమ్లాల మోత అక్కడ లైపోప్రోటీన్లది, అంటే కొవ్వూ ప్రోటీనూ కలిసిన రేణువులది. స్టెరాయిడ్లను (సెక్స్ హార్మోన్లు ఈ జాతివే) పట్టే సొర ప్రోటీన్‌కు పట్టు ఓ మోస్తరే, చోటు మాత్రం బోలెడు. ఆడ, మగ హార్మోన్లనూ కార్టికోస్టెరాయిడ్లనూ (ఒత్తిడి హార్మోన్ల వంటివి) కలిపి ఎక్కించుకుంటుంది. మన షేర్ ఆటో అనుకో.

అందుకే హార్మోన్ సంఖ్య పక్కన 'మొత్తం' అనో, ప్రోటీన్ పట్టులో లేనిదైతే 'విడి' అనో ఉండి తీరాలి. సంపాదకులు ముందు కొట్టేసేది ఆ మాటనే. 'సముద్రపు రాకాసి'కి మాత్రం శీర్షికలో ఎప్పుడూ చోటుంటుంది!

ప్లాస్మాను (కణాలు తీసేసిన రక్తద్రవం) ఈథర్‌తో రెండుసార్లు కలిపి, అడుగు పొరను గడ్డకట్టించి, పైనున్న ఈథర్ వంచుకుని, నైట్రోజన్ కింద ఆరబెడితే వచ్చేది మొత్తం హార్మోన్. ప్రోటీన్ పట్టులో ఉన్నదీ ఊడి వచ్చేస్తుంది. ఎంత పోయిందో తెలియాలంటే మొదట్లోనే కాస్త ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) గుర్తున్న టెస్టోస్టెరాన్ కలపాలి. విడి భాగానికి డయాలసిస్ కావాలి: ప్రోటీన్‌ను ఆపి చిన్న అణువులను వదిలే పొరకు ఒక పక్క ప్లాస్మా, బయట బఫర్ ద్రావణం. తప్పులు జరిగేది అక్కడే. సొర ప్లాస్మాలో యూరియా 350 మిల్లీమోలార్ దాకా ఉంటుంది. బయట ఉత్త ఉప్పు బఫర్ పోస్తే యూరియా జారిపోతుంది, ప్రోటీన్ తీరు మారుతుంది. బఫర్‌లోనూ యూరియా, సొర రక్తంలో దానికి తోడుగా ఉండే ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ వేయాలి. డయాలసిస్ జరిపే వేడి మనిషి ప్లాస్మాకు 37 డిగ్రీలు, సొరకు దాని నీటి ఉష్ణోగ్రత. ప్లాస్మాను పల్చన చేస్తే విడి శాతం పెరిగినట్టు చూపిస్తుంది.

మనిషి సీరం కిట్‌తో నేరుగా కొలిస్తే, పట్టు విడిపించే మందు సొర ప్రోటీన్ మీద పనిచేయకపోవచ్చు. పల్చన చేసిన నమూనాల గీత ప్రమాణ గీతకు (తెలిసిన మోతాదులతో గీసినది) సమాంతరంగా వచ్చిందో లేదో చూశాకే నమ్ము.

నీ మూడో పేరాలోని ఆ 12 నానోగ్రాములు మొత్తమా, విడివా?

ఆశీస్సులతో,
మీ మాస్టారు